పాటలో రాజకీయం ఉంటుంది, పాడినవారి భద్రత మాటేమిటి?

మలక్‌పేట_సుధ
హైదరాబాదులో స్థిరపడిన పాలమూరు, నల్లగొండ, వరంగల్ ప్రాంతాల వాళ్లం పల్లెపాటలు పంచుకోవడానికి ఒక వాట్సాప్ బృందం నడుపుతున్నాం. పండుగకో పెళ్లికో ఊరికి వెళ్లిన ప్రతి ఒక్కరూ అక్కడి పెద్దల చేత పాడించి, ఫోనులో రికార్డు చేసుకొచ్చి అందులో పెడతారు. వరి నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు, మల్లన్న కథ, ఎల్లమ్మ కథ, ఇలా మరెక్కడా దొరకనివి చాలా పోగయ్యాయి.

ఇటీవల ఒక సభ్యురాలు తన మేనత్త పాడిన పాట పెట్టారు. వరుస పాత బతుకమ్మ పాటదే, ప్రతి చరణం చివర ‘ఉయ్యాలో’ అనే వస్తుంది, కానీ మాటలు ఆమె సొంతంగా కట్టుకున్నవి. ఊరి చెరువు శిఖం భూమి (చెరువు నీరు నిలిచే భూమి) ఎలా కబ్జా అయిందో, అడగడానికి పోయిన ఆడవాళ్లను ఆఫీసుల చుట్టూ ఎలా తిప్పారో ఆ పాట చెబుతుంది. పాట కింద ఒకాయన ఒక పార్టీని తిట్టారు, ఇంకొకాయన మరో పార్టీని తిట్టారు, సాయంత్రానికి పాటను అందరూ మరిచిపోయి ఒకరినొకరు తిట్టుకున్నారు. ఈలోగా ఎవరో ఆ వీడియోను బయటికి పంపారు. ఆమె చేత పాడించుకోదలచిన వారికి ఉపయోగపడుతుందని పేరు, ఊరు, ఫోన్ నంబరు కింద రాసి ఉండడంతో అవి కూడా వీడియో వెంటే వెళ్లాయి.

ఆమెకు రెండు రకాల ఫోన్లు వచ్చాయి. ఒకడు ‘నీకు ఊళ్లో ఉండాలని లేదా?’ అని బెదిరించాడు. ఇంకొకడు ఒక ప్రభుత్వ శాఖ పేరు చెప్పి, వృద్ధ కళాకారుల పింఛను మంజూరైందని నమ్మించి, ఒక ఫైలు పంపి ఫోనులోకి ఎక్కించమన్నాడు. ఆమె మనవడు ఎక్కించాడు, ఖాతాలో ఉన్న డబ్బు పోయింది.

ఇప్పుడు బృందంలో సగం మంది రాజకీయాలు నిషేధించమంటున్నారు. మిగతా సగం మంది అలా చేస్తే పాటలే మిగలవంటున్నారు. పాడినవారికి హాని జరగకుండా ఈ పాటలను ఎలా పంచుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పాలని కోరుతున్నాను.

ఉప్పల్_రామ్
నిషేధించడమే మంచిది. పాట పెట్టాలి, విని ఆనందించాలి, అంతటితో ఆగాలి. ఏ పార్టీ మంచిదో తేల్చుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. మా కాలనీ సంక్షేమ సంఘం బృందం ఎన్నికల సమయంలో రెండుగా చీలిపోయి ఇప్పటికీ కలవలేదు. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలుసుకోవడానికి కూడా రెండు చోట్ల చూడవలసి వస్తోంది.

పాలమూరు_బిడ్డ
రామ్ గారు, ఆ నియమం పెడితే మా జిల్లా పాటల్లో ముందుగా పోయేది పండుగ సాయన్న కథ. ఉన్నవాళ్ల గాదెలు కొల్లగొట్టి లేనివాళ్లకు పంచాడు కనుకనే ఆయన కథ నిజాం కాలం నుంచి ఇప్పటిదాకా జనం నోట నిలిచింది. పన్నెండు మెట్ల కిన్నెర మీద ఆ కథను పాడుతూ ఊరూరా తిరిగిన దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ కథలోంచి రాజకీయాన్ని తీసేస్తే కిన్నెర బుర్రలు తప్ప ఏం మిగులుతుంది?

తెలంగాణ ఉద్యమ కాలంలో బతుకమ్మ ఆడుతూ ‘ఉయ్యాలో’ వరుసలోనే నీళ్ల గురించి, కొలువుల గురించి పాడుకోని వాడ ఉందా? మేనత్త గారు చేసిందీ అదే. పాటకు అడ్డు చెప్పకండి.

ఉప్పల్_రామ్
పాటకు నేను అడ్డు చెప్పలేదు. పాట కింద జరిగిన తగాదాకు అడ్డు చెప్పాను. రెండింటినీ ఒకే గాటన కట్టవద్దని మనవి.

బోయిన్‌పల్లి_అనిత
సుధ గారు చెప్పిన దానిలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. సభ్యుల తగాదా వల్ల ఆమెకు ఏ హానీ జరగలేదు. బెదిరింపు పాటలోని విషయం వల్ల వచ్చింది. మోసగాడికి మాత్రం ఆమె ఏం పాడిందో అక్కర లేదు, వాడికి కావలసింది ఒక వృద్ధురాలి పేరు, ఆమె కళాకారిణి అన్న సమాచారం, ఒక నంబరు. అవి మూడూ మీరే ఒకే చోట రాసి ఇచ్చారు. రేపు రాజకీయాలు నిషేధించినా, అదే విధంగా ఒక లాలిపాట పెడితే వాడు మళ్లీ ఫోన్ చేస్తాడు.

ఫోన్_కాపరి
అనిత గారు అసలు విషయం పట్టుకున్నారు. నేను నగరంలోని కాలేజీల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల్లో సైబర్ మోసాల గురించి అవగాహన తరగతులు చెబుతుంటాను. ముందుగా అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశారా? మోసగాళ్లు డబ్బును ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు తిప్పుతూ పోతారు కాబట్టి, ఎంత త్వరగా చెబితే అది మధ్యలో ఎక్కడో ఒకచోట స్తంభించే అవకాశం అంత ఎక్కువ. ఆ తరువాత జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, ఆ సంఖ్యను బ్యాంకుకు ఇవ్వాలి.

రెండో పని, ఆ ఫోనును వెంటనే నెట్ నుంచి తప్పించడం. అలా పంపే ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటుంది. పెళ్లి పత్రిక, ట్రాఫిక్ చలానా, రైతు పథకం, పింఛను, పేరు ఏదైనా లోపల ఉండేది ఒక్కటే. ఫోనుకు వచ్చే సంక్షిప్త సందేశాలను, వాటితో పాటు బ్యాంకు ఓటీపీలను, అది మోసగాడికి చేరవేస్తుంది. ఆ యాప్ ఉన్నంతకాలం పాస్‌వర్డు మార్చినా ప్రయోజనం లేదు. ముఖ్యమైన ఫోటోలు, నంబర్లు కాపీ చేసుకుని, ఫోనును కొన్నప్పటి స్థితికి రీసెట్ చేయించండి. బ్యాంకు లావాదేవీలు మాత్రం వేరే ఫోను నుంచి ఆపించండి.

మలక్‌పేట_సుధ
1930కి మరుసటి రోజు చేశారు. కొంత మొత్తం ఒక ఖాతాలో నిలిపివేశామని చెప్పారట, ఇంకా చేతికి రాలేదు. ఫోను రీసెట్ చేయించలేదు, ఈ రోజే చెబుతాను.

ఫోన్_కాపరి
ఆలస్యం చేయకండి. ఆ వీడియోను నాకు తెలిసినవారు పంపగా ఇందాక చూశాను. నంబరు ఒక్కటే కాదు సుధ గారు, ఇంకా చాలా బయటపడ్డాయి. ఆమె కూర్చున్న చాప పక్కన రేషన్ కార్డు ఉంది, వీడియో ఆపి చూస్తే అంకెలు చదవవచ్చు. వెనుక ఆడుకుంటున్న పాప చొక్కా మీద బడి పేరు ఉంది. దర్వాజ మీద ఇంటి నంబరు ఉంది. పాట వినేవాళ్ల కళ్లు వీటి మీద పడవు గాని, చెడు ఉద్దేశంతో చూసేవాడు పాట వినడు, ఇవే చూస్తాడు.

రికార్డు చేసే ముందు గోడ వైపు కూర్చోబెట్టండి, వెనుక ఒక చీరో దుప్పటో కట్టండి, పిల్లలను చిత్రంలోకి రానీయకండి. ఇంకో మాట. ఫోటోను మామూలుగా పంపితే వాట్సాప్ అందులోని చోటు వివరాలను తీసేస్తుంది. నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటు రూపంలో పంపితే మాత్రం, లొకేషన్ ఆన్ చేసి తీసిన ఫోటో అయితే, ఎక్కడ తీశారో కూడా ఫైలుతో పాటే వెళుతుంది. పాటల బృందాల్లో నాణ్యత కోసం చాలామంది డాక్యుమెంటుగానే పంపుతారు.

వరంగల్_వేణు
ఇన్ని జాగ్రత్తలు ఎవరికి గుర్తుంటాయి? పేరు, ఊరు, ముఖం అన్నీ తీసేసి గొంతు మాత్రమే పెట్టండి. ‘పల్లెపాట’ అని రాస్తే సరిపోతుంది. పాట బతుకుతుంది, మనిషి క్షేమంగా ఉంటుంది.

జానపద_పరిశోధక
వేణు గారి సలహాను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను. పేరు తీసేయడమే భద్రత అయితే, మన పల్లె గాయకులంత భద్రంగా ఉన్నవాళ్లు ఈ దేశంలో ఎవరూ లేరు, ఎందుకంటే వాళ్ల పేర్లను మనం ఎప్పుడూ రాయనే లేదు. 1950ల్లో ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలపై పరిశోధన చేసి ఈ రంగానికి దారి వేశారు. ఆ తరువాత సేకరణలు చాలా వచ్చాయి. గ్రంథాలయాల్లో ఆ సంకలనాలు తిరగేస్తే చాలా వాటిలో సేకరించినవారి పేరు అట్ట మీద పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది, పాడిన ఆడవాళ్ల పేర్లు లోపల కూడా దొరకవు.

‘బండెనక బండి కట్టి’ కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. ఈ రోజు ఆ పాట వచ్చినవారిని వంద మందిని ఆపి అడగండి, ఆయన పేరు ఎందరు చెప్పగలరో చూడండి. ‘మా భూమి’ సినిమాలో గద్దర్ గారి గొంతులో విన్నవాళ్లు గద్దర్ గారే రాశారనుకుంటారు. ఒకసారి పేరు ఊడిపోతే తిరిగి అతికించడం ఎంత కష్టమో నాకు వృత్తిరీత్యా తెలుసు.

పేరు తీసేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. గొంతు మాత్రమే ఉన్న పాటను ఏ యూట్యూబ్ ఛానల్ అయినా తీసుకుని, కింద కీబోర్డు, డీజే దరువు కలిపి, ‘రచన, గానం’ అని తమవాళ్ల పేరు వేసుకోవచ్చు. బోనాల ముందు ప్రతి ఏడాదీ ఇది జరుగుతూనే ఉంది.

వరంగల్_వేణు
పేరు దాచుకోవడం పాటగాళ్లకు కొత్త కాదు, అవమానమూ కాదు. మీరు చెప్పిన గద్దర్ గారి అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. స్వాతంత్ర్య పోరాట కాలపు గదర్ పార్టీ పేరు నుంచి వచ్చిన ఆ పేరుతోనే లోకం ఆయనను ఎరుగుతుంది. ముఖం, చిరునామా అందరికీ తెలిసిన తరువాత ఏం జరిగిందో కూడా చూశాం. 1997 ఏప్రిల్ 6న ఈ హైదరాబాదులోనే ఇంటికి వచ్చి కాల్చారు, 2023లో కన్నుమూసే దాకా ఒక తూటా వెన్నులోనే ఉండిపోయింది. అంతటి పేరున్న మనిషికే అలా జరిగినప్పుడు, పల్లెలో ఒంటరిగా ఉండే ఆడమనిషికి ఎవరు అండ? మారుపేరు పెట్టుకోమనండి.

జానపద_పరిశోధక
మారుపేరు పాడినవారు ఎంచుకుంటే నాకు అభ్యంతరం లేదు. వాళ్ల తరఫున మీరూ నేనూ ఎంచుకోవడం దగ్గరే నా అభ్యంతరమంతా.

నాంపల్లి_వకీలు
చట్టం గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అభిప్రాయం చెప్పినందుకు కేసు పెడతారన్న భయం చాలామందిలో ఉంది. ఆన్‌లైన్‌లో చికాకు కలిగించే మాట రాసినా అరెస్టు చేయడానికి వీలిచ్చిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అయినా భయం పూర్తిగా నిరాధారం కాదు. అదే 2015లో తమిళనాడులో ప్రభుత్వ మద్యం దుకాణాలకు వ్యతిరేకంగా పాడిన జానపద గాయకుడు కోవన్‌ను రాజద్రోహం ఆరోపణ కింద అరెస్టు చేశారు. ఇప్పుడు ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వర్గాల మధ్య వైరం రెచ్చగొట్టడానికి 196వ సెక్షన్ ఉంది. ఆ సెక్షన్ కిందనే, కవిత వినిపించే ఒక వీడియో పెట్టినందుకు రాజ్యసభ సభ్యుడు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ మీద గుజరాత్‌లో కేసు పెట్టగా, సుప్రీంకోర్టు 2025 మార్చి 28న దాన్ని రద్దు చేసింది. మాటల ప్రభావాన్ని స్థిరచిత్తం గల మనుషుల దృష్టితో కొలవాలి గాని, ప్రతి విమర్శనూ తమ మీద దాడిగా భావించే వారి దృష్టితో కొలవకూడదని ఆ తీర్పు చెప్పింది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే ఇలాంటి ఆరోపణల్లో, ఎఫ్‌ఐఆర్ కన్నా ముందు ప్రాథమిక విచారణ జరిపే వీలు నేర విచారణ పద్ధతిని చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఉందని కూడా గుర్తు చేసింది. కవులకూ గాయకులకూ ఇది పెద్ద అండ.

సభ్యులు రాసిన దానికి నిర్వాహకులను పట్టుకుంటారా అన్నది సుధ గారు అడగకపోయినా ఆమె మనసులో ఉండే ప్రశ్న. ముందుగా కూడబలుక్కున్నట్టు రుజువైతే తప్ప నిర్వాహకుడు నేరస్థుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం, 2022లో కేరళ హైకోర్టు తీర్పులిచ్చాయి. అవి మన హైకోర్టును కట్టడి చేయవు గాని, వాదనకు బలమైన ఆధారాలు.

ఇక పాట సంగతి. శిఖం భూమి పోయిందని పాడటం ఒకటి, ఫలానా మనిషి కబ్జా చేశాడని పేరు పెట్టి పాడటం మరొకటి. రెండో దానికి పరువు నష్టం కేసు వేయవచ్చు. నిజమైన విషయాన్ని ప్రజల మేలు కోసం చెప్పడం ఆ నేరం కిందికి రాదు, కానీ నిజమని చూపించడానికి కాగితం కావాలి. ఆ చెరువు సర్వే నంబరు, రెవెన్యూ రికార్డుల నకలు సమాచార హక్కు కింద తీసి పెట్టుకోమని చెప్పండి. పాటతో పాటు అవి కూడా ఆమె దగ్గర ఉండాలి. బెదిరించినవాడి మీద మాత్రం ఇప్పుడే ఫిర్యాదు చేయవచ్చు. నేరపూరిత బెదిరింపుకు న్యాయ సంహిత 351వ సెక్షన్ ఉంది. కాల్ వివరాలను చెరిపేయకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

పరిశోధక గారు ఎత్తిన దొంగ ఛానళ్ల విషయానికి కూడా జవాబుంది. కాపీరైటు చట్టం 38వ సెక్షన్ ప్రకారం పాడిన మనిషికి ఆ ప్రదర్శన మీద యాభై ఏళ్ల హక్కు ఉంటుంది. పాట తరతరాలదైనా గొంతు ఆమెదే. 2012 సవరణతో వచ్చిన 38బీ ప్రకారం తన పేరు చెప్పమని అడిగే హక్కు, తన ప్రతిష్ఠ దెబ్బతినేలా మార్చవద్దని అడ్డుకునే హక్కు కూడా ఆమెకున్నాయి. వేణు గారు, పేరు లేని రికార్డింగుతో ఈ హక్కును నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఆలోచించండి.

హయత్‌నగర్_టీచర్
వకీలు గారు, మా సంగతి కూడా చెప్పండి. నేను ప్రభుత్వ ఉపాధ్యాయుడిని. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం మేము రాజకీయ కార్యక్రమాల్లో పాల్గొనరాదు. పాట పంచుకుంటే తప్పవుతుందా?

నాంపల్లి_వకీలు
పాటను సేకరించి పంచుకోవడం సాహిత్య, సాంస్కృతిక కార్యక్రమమే. దాని కింద ఫలానా పార్టీని గెలిపించండి, ఓడించండి అని మీరు రాస్తే మీ శాఖ వివరణ అడగవచ్చు. పాట పెట్టి ఊరుకోండి టీచర్ గారు, వ్యాఖ్యానం మా వంటి వాళ్లకు వదిలేయండి.

గొంతెత్తిన_గౌరి
ఇక్కడ అందరూ గాయకుల గురించి మాట్లాడుతున్నారు కాబట్టి, వేదికల మీద పాడే ఆడదానిగా నేను చెప్పవలసింది ఉంది. ధర్నా చౌక్ దగ్గర పాడిన పాట బయటికి వెళితే వచ్చే విమర్శకు నేను భయపడను, దానికి పాటతోనే జవాబు చెబుతాను. రాత్రి పదకొండు దాటాక నా సొంత నంబరుకు వచ్చే సందేశాలకే భయం. పాట నచ్చిందని మొదలుపెట్టి ఫోటో అడిగేవారు, జవాబివ్వకపోతే వేదిక మీది ఫోటోను మార్ఫింగ్ చేసి ఊరి బృందాల్లో పెడతామని బెదిరించేవారు ఉన్నారు. ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు ఫిర్యాదు చేశాను, ఆ ఫోన్లు ఆగాయి. అందరు గాయనులకూ అంత దూరం వెళ్లే వీలు, ఇంట్లో మద్దతు ఉండవు.

బృందంలో చేరిన ప్రతి ఒక్కరికీ అందరి నంబర్లూ కనబడటమే దీనికి మూలం. నిర్వాహకులు దయచేసి దీన్ని ముందు సరిచేయండి.

ఫోన్_కాపరి
గౌరి గారు చెప్పినదానికి మార్గాలున్నాయి. వాట్సాప్ ఛానల్‌లో అనుసరించేవారి నంబర్లు ఒకరికొకరికి కనబడవు. పాటలు అక్కడ పెట్టి, చర్చకు మాత్రం తెలిసినవాళ్లతో చిన్న బృందం ఉంచుకోవచ్చు. కొత్త సభ్యులను నిర్వాహకుల అనుమతితోనే చేర్చుకునే సెట్టింగు ఉంది, లింకును కూడళ్లలో అతికించినట్టు అందరికీ పంచవద్దు. 2025లో వచ్చిన అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీని ఆన్ చేస్తే సంభాషణ మొత్తాన్ని ఎగుమతి చేయడం కుదరదు. అయితే ఎదుటివాడు మరో ఫోనుతో తెరను వీడియో తీస్తే దాన్ని ఏ సెట్టింగూ ఆపలేదు, కాబట్టి బృందంలో పెట్టింది ఊరందరికీ చేరుతుందనుకునే పెట్టండి. ప్రతి గాయకుడి ఖాతాకూ ఆరంకెల పిన్‌తో రెండంచెల ధృవీకరణ తప్పనిసరి.

ఒగ్గు_వారసుడు
మా తాత ఒగ్గు కథ చెప్పే పూజారి. కొమురవెల్లి మల్లన్న పట్నాల (ముగ్గులు వేసి చేసే పూజ) దగ్గర ఆయన కథ చెబితే తెల్లవారేదాకా జనం కదిలేవారు కాదు. పై సందేశాలన్నీ ఆయనకు చదివి వినిపించాను. పేరు తీసేయమన్న మాట విని ఆయనకు కోపం వచ్చింది. కథ చెప్పేవాడి ఊరు, గురువు, బృందం అన్నీ చెప్పాకే డోలు మోగుతుందని, చెప్పకపోతే ఆ కథ ఎవరిదని నిలదీశారు.

నంబరు విషయంలోనూ మీరెవరూ ఆలోచించని ఇబ్బంది ఉంది. మాకు పిలుపులు వచ్చేది ఆ నంబరుకే. బీరప్ప పండుగకైనా, మల్లన్న పట్నాలకైనా కథ చెప్పించుకోవాలనుకునే కుటుంబాలు వీడియో కింది నంబరు చూసే చేస్తాయి. దాన్ని తీసేస్తే మోసగాళ్లు మాత్రమే కాదు, మాకు అన్నం పెట్టేవాళ్లు కూడా రారు. మేనత్త గారి నంబరు కూడా అందుకే పెట్టి ఉంటారు. భద్రత పేరుతో మా బతుకుతెరువుకు తాళం వేయకండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోలేం కదా.

ఫోన్_కాపరి
ఈ మాట తరగతుల్లో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినందుకు మీకు, తాతగారికి కృతజ్ఞతలు. దీనికి పరిష్కారం నంబరును దాచడం కాదు, రెండు నంబర్లు పెట్టుకోవడం. జగదీశ్ మార్కెట్‌లోనో, మీ ఊరి దుకాణంలోనో ఒక మామూలు బటన్ ఫోను కొని, అందులో కొత్త సిమ్ వేయించండి. ప్రదర్శనల కోసం అందరికీ ఇచ్చే నంబరు అదే కావాలి. ఆ నంబరును బ్యాంకు ఖాతాకు, ఆధార్‌కు, చెల్లింపుల యాప్‌కు కలపవద్దు. అందులో ఏపీకే ఎక్కదు, తెర పంచుకోవడం కుదరదు, మోసగాడికి దాని వల్ల వచ్చేదేమీ లేదు. అడ్వాన్సు తీసుకోవడానికి వేరే చిన్న ఖాతా ఉంచుకుని, వచ్చిన డబ్బును ఎప్పటికప్పుడు అసలు ఖాతాకు మార్చుకోవాలి. ‘అడ్వాన్సు పంపాం, ఎక్కువ పడింది, తిరిగి పంపండి’ అనే వాళ్లుంటారు. పాస్‌బుక్‌లో చూసుకోకుండా ఒక్క రూపాయి కూడా తిరిగి పంపవద్దని తాతగారికి చెప్పండి.

అసలు ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు నడుస్తున్నాయో టెలికాం శాఖ వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. తనకు తెలియని నంబరు ఉంటే అక్కడే రద్దు కోరవచ్చు.

బోయిన్‌పల్లి_అనిత
బటన్ ఫోను సలహా మా అమ్మకు కూడా పనికొస్తుంది, ఆమె పాడకపోయినా సరే.

ఉప్పల్_రామ్
చర్చ అంతా చదివాను. పాటలో ఉన్న రాజకీయాన్ని నిషేధించమనడం సరికాదని ఒప్పుకుంటున్నాను. కానీ ఒక తేడా అవసరం. ఊరి చెరువు గురించి ఆమె కట్టిన పాట ఆమె బతుకు. ఎన్నికలప్పుడు ఒక పార్టీ డబ్బిచ్చి కట్టించుకున్న పాట ప్రచారం. పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో ప్రచారం ఆపాలని చట్టమే చెబుతోంది. ఎవరి కోసం కట్టారో తెలిపి పెట్టాలని, పార్టీ ప్రచార పాటలు ఈ బృందంలోకి రాకూడదని నా ప్రతిపాదన. పాట మీద వ్యాఖ్య రాసేవారు పాట గురించి, అందులోని సమస్య గురించి రాయాలి.

పాలమూరు_బిడ్డ
సగం ఒప్పుకుంటాను. ఏది బతుకు, ఏది ప్రచారం అన్నది ఎవరు తేలుస్తారు? ఉద్యమ కాలపు ధూంధాం (ఆటపాటల సభల) పాటల్లో ఎన్నో తరువాత పార్టీల సభల్లో వినిపించాయి. అంత మాత్రాన అవి ప్రచార పాటలైపోయాయా? నిర్వాహకుల చేతికి కత్తెర ఇస్తే మొదట తెగేది ఈ రోజు అధికారంలో ఉన్నవారికి నచ్చని పాటే.

ఉప్పల్_రామ్
అనుమానం ఉన్న పాటను తీసేయకుండా, ఎక్కడిదో అడిగి రాయించండి. కత్తెర అక్కరలేదు. అంతకుమించి నేను పట్టుబట్టను.

జానపద_పరిశోధక
పట్టుబట్టవలసింది అనుమతి విషయంలో. కాగితం మీద సంతకం తీసుకోవడం నాకు ఇష్టం లేదు, చదవలేనివారి చేత వేలిముద్ర వేయించుకోవడం అనుమతి కాదు. రికార్డు చేసిన తరువాత ఆ వీడియోను వాళ్లకే చూపించండి. ఇది ఊరు దాటి వెళుతుందని, ఎవరైనా చూడవచ్చని, ఒకసారి వెళ్లాక వెనక్కి రాదని తెలుగులో చెప్పండి. పేరు చెప్పాలా, ఊరు చెప్పాలా, ఏ చరణం వరకు బయటపెట్టాలి అని ఒక్కొక్కటిగా అడిగి, వాళ్ల జవాబును వాళ్ల గొంతులోనే రికార్డు చేసి దాచండి. పూర్తి పాట, పూర్తి వివరాలు మీ దగ్గర భద్రంగా ఉండాలి. బయటికి వెళ్లేది వాళ్లు ఒప్పుకున్నంత మేరకే ఉండాలి. మరో పదేళ్లకు పరిస్థితి మారి పేరు చెప్పమంటే చెప్పగలగాలి.

మలక్‌పేట_సుధ
మేనత్త గారితో ఈ రోజు ఫోనులో చాలాసేపు మాట్లాడాను. పరిశోధక గారు చెప్పినట్టు ఒక్కొక్కటిగా అడిగాను. నంబరు తీసేయమన్నారు. పేరు మాత్రం ఉంచమన్నారు. ఊరి పేరు తీసేద్దామా అంటే, మూడో చరణంలో చెరువు పేరే ఉందని, ఆ చెరువు చుట్టుపక్కల అందరికీ తెలుసని, చెరువు పేరు తీసేస్తే ఆ పాట ఎందుకని అడిగారు. బెదిరించినవాడు ఎవరో ఆమె గొంతును బట్టి గుర్తుపట్టారు కూడా. పాటలో మనిషి పేరు ఎక్కడా లేదు, వకీలు గారు చెప్పిన ఇబ్బంది రాదనుకుంటున్నాను.

పాత వీడియోను బృందంలోంచి తీసేద్దామని చూస్తే అందరికీ చెరిపే గడువు దాటిపోయింది.

ఫోన్_కాపరి
రెండున్నర రోజులు దాటితే పెట్టినవారు కూడా అందరి ఫోన్లలోంచి చెరపలేరు. బృందంలోని నిర్వాహకులు ఒకసారి ప్రయత్నించండి. కుదరకపోతే సభ్యులందరినీ ఎవరి ఫోనులో వారిని తీసేయమని కోరి, రేషన్ కార్డు, పాప, ఇంటి నంబరు లేని కొత్త రికార్డింగును అదే పాటకు పెట్టండి. పంచుకునేవాళ్లకు మంచి ప్రతి దొరికితే పాతదాని జోలికి తక్కువ పోతారు.

నాంపల్లి_వకీలు
గొంతు గుర్తుపట్టారంటే ఫిర్యాదులో ఆ పేరు రాయవచ్చు. వాళ్ల మండలం ఠాణాకు వెళ్లడానికి భయపడితే, పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరమైతే ఏ ఠాణాలోనైనా జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా నమోదు చేసే ఎఫ్‌ఐఆర్) నమోదు చేయించుకోవచ్చు, ఆమె ఇక్కడి బంధువుల ఇంటికి వచ్చినప్పుడైనా సరే. ఫిర్యాదు రాయడానికి నేను వస్తాను, ఫీజు అవసరం లేదు. సర్వే నంబరు తెలిస్తే ముందుగా పంపండి, సమాచార హక్కు దరఖాస్తు కూడా అదే రోజు రాసేద్దాం.

వరంగల్_వేణు
కొత్త రికార్డింగుకు మంచి మైకు నా దగ్గర ఉంది. మారుపేరు మంచిదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను గాని, ఆమె ఒప్పుకోనప్పుడు చేయగలిగింది లేదు. సుధ గారు, ఎప్పుడు వెళుతున్నారో చెబితే బండి తీసుకొస్తాను.

మలక్‌పేట_సుధ
వచ్చే ఆదివారం పొద్దున్నే బయలుదేరుదాం. వకీలు గారు, సర్వే నంబరు పాత పహాణీలో (భూమి రికార్డులో) ఉందట, ఫోటో తీసి రేపు మీకు పంపుతాను, డాక్యుమెంటు రూపంలో కాకుండా.